అద్యతన విచారము

ఆన్ కవారా యను జపానుదేశీయ చిత్రకారుఁడు 1966వ సంవత్సరము జనవరి 4వ తేదీని న్యూయార్కు నగరమున నొక పటమును సిద్ధపఱచెను. దానియం దంతటను ఒకే వర్ణము పూయఁబడినది. నడుమఁ దెల్లని యక్షరములతో ఆనాఁటి తేదీ వ్రాయఁబడినది. అంతకు మించి యం దేమియు లేదు. అది మొదలు 2013 వఱకు ఆయన యిట్టి పటములను సుమారు మూఁడువేలు చేసెను. వాని కన్నిటికిని గలిపి ‘నేఁడు’ అను నర్థము గల పేరు పెట్టెను. పాశ్చాత్యులు కాన్సెప్చువల్ ఆర్టు అని వ్యవహరించు శాఖయందు, అనఁగా రూపనిర్మాణముకంటె భావమునకే ప్రాధాన్య మిచ్చు కళయందు, ఈ పటములకు మిక్కిలి గౌరవము గలదు. ఆ గౌరవము తగునా తగదా యనునదియే యీ వ్యాసమునకు విషయము. నేను పటముల ప్రతికృతులనే చూచితిని గాని పటములను జూడలేదని ముందుగనే మనవి చేయుచున్నాను.

ఈ సంగతి ప్రస్తావింపఁగా, ఉన్నత పాఠశాలయందుఁ దెలుఁగు బోధించు మిత్రు లొకరు నవ్వి, ‘ముప్పది యేండ్లనుండి ప్రతిదినమును నల్లబల్లమీఁదఁ దేదీ వ్రాయుచున్నాను, సాయంకాలమునకుఁ దుడిచివేయుచున్నాను, నేనును జిత్రకారుఁడనేనా?’ యని యడిగిరి. ప్రశ్న హాస్యమునకుఁ జేసినదే. ఐనను దానికి సమాధానము చెప్పక ముందునకుఁ బోవరాదు. ఈ యాక్షేపము మన యలంకారశాస్త్రమున మిగులఁ బ్రాచీనమైనది. సూర్యుఁడు గ్రుంకుటను, పక్షులు గూళ్లు చేరుటను దెలుపు నొక సాదా వాక్యమును జూపి, భామహుఁడు దీనికిఁ గావ్యత్వ మెక్కడిదని ప్రశ్నించి, వార్త యని పేరిడి త్రోసివేసెను. దండి యా వాక్యమునే గ్రహించి, కాలము యొక్క యవస్థను దెలుపుటయే ప్రయోజనమైన చోట దానియందు దోషము లేదని సమర్థించెను. ఒక్క వాక్యమును గుఱించి యిరువు రాచార్యులకుఁ గలిగిన భేద మిది. కవారా పటములు దండిపక్షమున నిలుచునని నా యభిప్రాయము. కాని నిలుచు నన్నంత మాత్రమునఁ జాలదు. ఇచటఁ గాలావస్థ యెట్లు నివేదింపఁబడుచున్నదో చూపవలసి యున్నది. లేనిచో మిత్రుని నల్లబల్లయే గెలుచును.

మొదట నాయన పెట్టుకొన్న నియమములు. పట మే దినమున నారంభింపఁబడునో యాదినముననే ముగియవలెను. అర్ధరాత్రమునకు ముగియనిచో దానిని నాశనము చేయును. రంగు పలుమాఱులు పూసి యాఱనిచ్చి, అక్షరములను అచ్చుపలకతోఁ గాక చేతితోనే దిద్దును. చూచువారి కవి ముద్రితాక్షరములవలెఁ దోఁచును. పరిమాణము లెనిమిది. కనిష్ఠము 8 అంగుళముల యెత్తు, 10 అంగుళముల వెడల్పు. గరిష్ఠము 61 అంగుళముల యెత్తు, 89 అంగుళముల వెడల్పు. వర్ణము తఱచుగ నెఱుపో, నీలమో, నలుపునకుఁ జేరువయైన బూడిదయో. ఏ దేశమునఁ జిత్రించునో యా దేశభాషయందు, ఆ దేశీయులు తేదీ వ్రాయు క్రమముననే వ్రాయును. ప్రతి పటమునకును దానే చేసిన యట్టపెట్టె యొకటి యుండును. పెక్కు పెట్టెలలో ఆనాఁటి స్థానిక వార్తాపత్రికనుండి కత్తిరించిన ముక్క యుండును. ఒక్కొక్కనాఁడు రెండు, అరుదుగా మూఁడు పటములు చేసెను. ఏమియుఁ జేయని దినములే యెక్కువ. 1969 జూలైలో మనుష్యుఁడు చంద్రునిపై నడిచిన సందర్భమున 16, 20, 21 తేదీలను గరిష్ఠపరిమాణమునఁ జిత్రించెను. ఆ మూఁడింటను జంద్రుఁడు మాత్రము లేఁడు.

నేను వ్యాకరణము చదివినవాఁడను. ఈ నియమములను దెలిసికొన్నప్పుడు నాకు మొట్టమొదటఁ దోఁచినది శాస్త్రమునందలి యద్యతన చర్చ. పాణిని భూతకాలమునకు మూఁడు లకారములను విధించెను. సామాన్య భూతమునకు లుఙ్. నేఁటిది కాని భూతమునకు లఙ్. అందును వక్త చూడని పరోక్షమునకు లిట్. నేఁడు జరిగినదానికిని నిన్న జరిగినదానికిని రూపభేద మేర్పడినప్పుడు, నేఁ డనఁగా నెక్కడనుండి యెక్కడివఱకు నను ప్రశ్న రాక తప్పదు. ఆశ్చర్య మేమన, అంతటి సూక్ష్మదర్శియైన పాణిని దీనిని నిర్వచింపలేదు. కాలమును గూర్చిన పరిభాష శాసింపఁదగినది కాదనియు, అది లోకమువలననే తెలియుననియు సూత్రించి యూరకుండెను. ఆ సూత్రముపైఁ గాశికావృత్తి పూర్వుల నిర్వచనములను రెంటిని జూపినది. లేవవలసిన వేళ లేచుట మొదలుకొని పరుండవలసిన వేళఁ బరుండువఱకు నద్యతన మని యొక పక్షము. పగటి కిరుప్రక్కల నర్ధరాత్రములను జేర్చి గణించిన కాల మద్యతన మని రెండవ పక్షము. మొదటిది మేలుకొన్న మనుష్యుని దినము. రెండవదానికి మనుష్యునితోఁ బనిలేదు.

కవారా యీ గ్రంథములను జూచియుండఁ డని తలంచెదను. కాని యాయన కృతులలో నీ రెండు పక్షములును వేఱువేఱుగ నిలిచియున్నవి. ‘నేఁడు’ పటములు రెండవ పక్షమునకుఁ జేరినవి. అర్ధరాత్రమే వానికి సరిహద్దు. మొదటి పక్షమునకుఁ జేరినది వేఱొక కృతి కలదు. అదియే నాకు మిక్కిలి ప్రియమైనది.

1968 మొదలు 1979 వఱకుఁ గవారా ప్రతిదినమును రెండు బొమ్మకార్డులను దపాలున నెఱిఁగినవారికిఁ బంపెను. కార్డునకు ముందువైపున నగరపు బొమ్మ. వెనుకవైపున రబ్బరుముద్రలతో ‘నేను లేచితిని’ అను మాటయు, లేచిన గంటయు, నిమిషమును. కాశిక చూపిన పక్షమున లేవవలసిన వేళ యను నియమము కలదు గదా. కవారా యొక్కొక్కనాఁడు మధ్యాహ్నము దాఁటిన పిదపఁ గూడ లేచెను. దానిని దాఁచలేదు. కుశలప్రశ్న లేదు, ఊరి వర్ణనము లేదు, లేచిన వెనుక నేమి చేసెనో లేదు.

మనము నిత్యకృత్యమును జెప్పునపు డిట్లు చెప్పము. ‘నే నైదుగంటలకు లేతును’ అందుము. చిన్నయసూరి వర్తమాన భూత భవిష్యత్తులతోఁ దద్ధర్మమును జేర్చి చెప్పిన దిట్టి ప్రయోగములకే. తద్ధర్మక్రియ మిక్కిలి యనుకూలమైనది. మిక్కిలి యపాయకరమైనదియు నదియే. అది దినములను మ్రింగివేయును. ఐదుగంటలకు లేచు స్వభావము గలవాఁడ నని చెప్పినంతనే వేయి యుదయము లొక్కటైపోవును. ఏ యుదయమునకును బ్రత్యేకసత్త యుండదు. కవారా పదునొకం డేండ్లు తద్ధర్మమును దరిఁజేరనీయలేదు. ప్రతిదినమును భూతక్రియనే, నిమిషముతోఁ గూడ, క్రొత్తగ నుచ్చరించెను. దైనందిన జీవితమును బ్రకటించు కళ యని చెప్పఁబడు కృతులలోఁ బెక్కింటికి లేని నిష్ఠ యిది.

ఇపుడు లకారమును గూర్చి. ఇంగ్లీషునఁగాని తెలుఁగునఁగాని ‘లేచితిని’ అనుటకు నేఁటి నిన్నల భేదము లేదు; సంస్కృతమునకుఁ గలదు. ఆ వాక్యమును సంస్కృతమునఁ జెప్పవలసివచ్చినచోఁ గవారా లుఙ్ వాడవలెను. ఏలయన, లేచిన దినమును ముద్ర వేసిన దినమును ఒకటియే. కార్డు కొన్ని దినములకుఁ జేరును. అప్పటికి నాయన లేచుట యనద్యతనమైనది, లఙ్ కావలెను. ఇపుడు సంగ్రహశాలలలో గాజుపలక క్రింద నా కార్డులను జదువువారు, ఆయన లేచుటను జూచినవారు కారు. వారికి లిట్ తప్ప గతి లేదు. అక్షర మొక్కటియు మాఱలేదు. ముద్ర చెదరలేదు. లకారము మాత్రము మాఱిపోయినది. కాలము గడచుటను జూపు మన్నచోఁ జిత్రకారులు వాడిన పువ్వునో, ముదుసలి ముఖమునో వ్రాయుదురు. కాలముచే మాఱిన వస్తువును జూపుట యది. ఇచట వస్తువు మాఱదు. దానిని జెప్పవలసిన క్రియారూపము మనయందు మాఱుచున్నది. దండి యంగీకరించిన కాలావస్థానివేదనము కవారాయందు జరుగు విధ మిది యని నా నిర్ణయము. మిత్రుని నల్లబల్లకును దీనికిని గల భేదముకూడ నిచటనే కలదు. బల్లపైఁ దేదీ యద్యతనముగ నుండఁగనే తుడిచివేయఁబడును. అనద్యతన మగుట కది యవకాశము పొందదు. పరోక్ష మగుట మాట దూరము.

మఱియొక విశేషము. లేచితి నని వేలకొలఁది కార్డులు ముద్రించినవాఁడు, నిద్రించితి నని వేళతోఁ గూడ నొక్క కార్డును ముద్రింపలేదు. ఇది మఱపు కాదు. ఉత్తమపురుషయందు లిట్ ఎట్లు సంభవించును, తాను చేసినది తనకుఁ బరోక్ష మగు టెట్లు అను శంకకు వైయాకరణులు నిద్రలోఁ బలవరించినవాని నుదాహరణముగఁ జూపుదురు. నిద్రపట్టిన నిమిషమును జూచినవాఁ డెవఁడును లేఁడు. న్యూయార్కుననే తెచింగ్ షియే యను తైవానుదేశీయుఁడు 1980 ఏప్రిలు మొదలుకొని యొక సంవత్సరము, రాత్రింబవళ్లు ప్రతిగంటకును కార్మికుల హాజరు గడియారమున ముద్ర వేయించుకొను వ్రతము పూనెను. 8,760 గంటలలోఁ దప్పినవి 133. అందు 94 నిద్రవలనఁ దప్పినవే. షియే నిద్రతోఁ బోరాడి యోటమిని లెక్కవేసి ప్రకటించెను. కవారా పోరాడలేదు, నిద్రయొడ్డున నిలిచి, మేలుకొన్న నిమిషమును మాత్రము గుఱించెను. రెండవ మార్గమునందే నాకు వివేక మెక్కువగఁ దోఁచుచున్నది.

ఆ కాలముననే తాను సంభాషించినవారి పేరులను బ్రతిదినము వరుసగ నచ్చుయంత్రమున నెక్కించుటయు, తాను దిరిగిన త్రోవను నగరపటముపై నెఱ్ఱని గీఁతగఁ జూపుటయు జరిగెను. శాకటాయనుఁడు రథమార్గమునఁ గూర్చుండియు బండ్లబారు పోవుటను గనుఁగొనలేదని మహాభాష్యమునఁ గల కథను బండితు లెఱుఁగుదురు. మనస్సు లేనియెడఁ గన్నులయెదుటిదియుఁ బరోక్షమే. మన దినములలోఁ బెక్కు లట్టి బండ్లబారులే. కవారా జాబితాలు వానికి విఱుగుడు. కాని చదువుటకు నీరసములు. 1979 సెప్టెంబరున స్టాక్‌హోము నగరమున రబ్బరుముద్రలు గల పెట్టె దొంగిలింపఁబడఁగా నీ కృతులు మూఁడును ఆగిపోయినవి.

ఇఁక వర్తమానము. 1969 డిసెంబరున, పారిసు నగరమున మిషెల్ క్లోరా యేర్పఱచుచున్న ప్రదర్శనమునకుఁ దన భాగముగఁ గవారా మూఁడు తంతివార్తలను బంపెను. మొదటిదానిలోఁ దా నాత్మహత్య చేసికొనఁబోవుట లేదనియు, విచారింపవల దనియుఁ గలదు. రెండవదానిలోఁ జేసికొనఁబోవుట లేదనియు, విచారింపుఁ డనియుఁ గలదు. మూఁడవదానిలో నిద్రింపఁబోవుచున్నా ననియు, మఱచిపొం డనియుఁ గలదు. చదువరులు గమనింతురు గాక: నిద్ర యిచటను భవిష్యత్తుగనే వచ్చినది. అటుపిమ్మట 1970 మొదలు 2000 వఱకు సుమారు తొమ్మిదివందల తంతులు పంపెను. అన్నిటను ఒకటే మాట: ‘నే నింకను జీవించియున్నాను.’

వర్తమాన మను కాలమే లేదను వాదమును బతంజలి ప్రస్తావించెను. ఆరంభింపఁబడి ముగియని క్రియ వర్తమాన మని సమాధానము. నడుమ నాటంకములు కలుగవా యన్నచో, భుజించువాఁడు నడుమ నవ్వినను, మాటాడినను, నీరు త్రావినను భుజించుచున్నాఁ డనియే యందుము గదా యని భాష్యకారుని లోకజ్ఞత. జీవించుటకు నా మాత్రపు టాటంకమును లేదు. కాఁబట్టి లట్టునకు దానిని మించిన యుదాహరణము దొరకదు. ఐనను దంతి చేతికి వచ్చువేళకు నీ నిర్దుష్టమైన వర్తమానము సందేహాస్పదము. పంపిన నిమిషమున సత్యము. చదివెడు నిమిషమున నెవ్వరు సాక్షి? సూర్యాస్తమయమును దెలుపు సాదా వాక్యమే వక్తను బట్టియు శ్రోతను బట్టియు ననేకార్థములను ధ్వనింపఁజేయునని మమ్మటుఁడు విస్తరించి చూపెను. తంతియు నట్లే. మిత్రునకుఁ గుశలవార్త. పటముల వర్తకునకు, ఇంకను బటములు వచ్చు నను నాశ. దీర్ఘరోగికిఁ జేరినచో నది యేమగునో చెప్పలేను. తంతి యనునది మన యిండ్లకు మరణవార్తను దెచ్చునదిగఁ బేరు పొందినది; ఎఱుఁగని తంతి వచ్చిన, విప్పకముందే యేడ్చిన యిండ్లను నా చిన్నతనమునఁ జూచితిని. ఆ సాధనముతోనే జీవించియున్నా నని చెప్పుటలోని వక్రతను వేఱుగ వివరింప నక్కఱలేదు. భారతదేశమునఁ దంతి సేవ 2013 జూలైలో నిలిచిపోయినది. కవారా 2014లో మరణించెను. ఆయన పేర నొక కంప్యూటరు యంత్రాంగము ట్విట్టరునందుఁ బ్రతిదినము నీ వాక్యమునే వెలువరించుచు, ఆయన పోయిన పిదపఁ గూడఁ గొనసాగెను. దీనిని జమత్కారమని కొంద ఱందురు. నా కది యపప్రయోగము. ఉత్తమపురుషకు వక్త యుండవలెను.

మఱల ‘నేఁడు’ పటములకు వత్తము. వానిలోఁ గ్రియయే లేదు. తేదీ యొక్కటి, వట్టి ప్రథమాంతముగ నున్నది. క్రియ ప్రయోగింపఁబడని చోట ‘అస్తి’ యను వర్తమానక్రియ తనంతఁ దానే లభించు నని కాత్యాయనుని మతము. ఆ మతమున నీ పటము ‘ఈ దినము కలదు’ అని చెప్పుచున్నది. చిత్రించిన దినమున నది యథార్థము. మఱునాఁడు చూచువాఁడు ‘ఉండెను’ అనవలెను. పటము మాత్రము ‘కలదు’ అనియే యనుచుండును. ఈ వివాద మా పటమున్నంత కాలము తీఱదు.

ఇచట నొక యాక్షేపమును ముందుగనే వారింపవలెను. మన సంకల్పమునందు కల్పము మొదలు తిథివారముల వఱకు నంతయుఁ జెప్పుచున్నాము గదా, ఇందుఁ గ్రొత్త యేమని యడుగువా రుందురు. విదేశముల నేది వినినను మనవారు ముందే చేసిరనుట యిపుడు వాడుకయైనది. సంకల్పమునఁ గాలమంతయు సప్తమ్యంతము. చివర ‘కరిష్యే’ యనుదానిపై నాధారపడినది. చేయఁబోవు కర్మకుఁ గాల మచట నధికరణము. కవారా తేదీకి నాధేయమైన కర్మ లేదు. దానిని వ్రాయుటయే కర్మ. విభక్తి భేదమును విస్మరించి పోలిక చెప్పరాదు.

దోషములను గూడఁ జెప్పవలెను. ‘పదిలక్షల సంవత్సరములు’ అను కృతియందు భూతభాగము క్రీ. పూ. 998,031 మొదలు క్రీ. శ. 1969 వఱకుఁ గల సంవత్సరసంఖ్యల నన్నిటిని వరుసగఁ బుటలపై నెక్కించినది. దానిని జీవించి గతించినవారి కందఱకును, భవిష్యద్భాగమును గడపట మిగులువానికిని అంకితము చేసెను. ప్రదర్శనములలో నొక పురుషుఁడును నొక స్త్రీయు నొకరి తరువాత నొకరు సంఖ్యలను బైకిఁ జదువుదురు. 2015లో న్యూయార్కు గుగ్గెన్‌హైమ్ సంగ్రహశాలయందును జదివిరి. అంకితము హృదయమును దాఁకును. కృతి దాఁకదు. అందలి సంవత్సరములలోఁ బెక్కు లెవ్వనికిని అద్యతనములుగ నుండి యెఱుఁగవు. ఎవ్వరును లేవని యుదయములను లెక్కించుటలో రాశి కలదు గాని కాలము లేదు.

రెండవది భాషావిషయము. రోమనులిపి వాడని దేశమునఁ జిత్రించునపుడు కవారా యెస్పెరాంటో భాషను వాడెను. స్వదేశమైన జపానున నట్లే చేసెను. ఈ నియమమున నాయన మన గోదావరియొడ్డునఁ గూర్చుండి చిత్రించినను దెలుఁగున వ్రాయఁడు. ఆ యూరి తేదీ నా యూరివారి మాటలో వ్రాయవలె నన్న మొదటి నియమమే యిచట భంగపడినది. లిపిసౌష్ఠవమునకై యిట్లు చేసె ననుకొందము. అపుడు భావమునకే ప్రాధాన్య మన్న మాట యేమైనది? దీనికి సమర్థనము నాకు దొరకలేదు.

1997 జనవరి 1 మొదలు 7 వఱకుఁ గల యేడు తేదీల పటములను 1998 నుండి పలుదేశముల శిశుపాఠశాలలలో వ్రేలాడఁదీయఁ జేసెను. నాలుగైదేండ్ల పిల్లల తరగతిగదులు. వారి కా పటములను గూర్చి యేమియుఁ జెప్పరా దని యేర్పాటు. ఈ సంగతి నా మిత్రునకుఁ జెప్పితిని. ఆయన యీమాఱు నవ్వలేదు. కొంత తడవు యోచించి, ‘గోడమీఁది తేదీని మార్చుట మఱచితిరని యేదో యొక బిడ్డ పంతులమ్మతోఁ జెప్పియే యుండును’ అనిరి.